ఒక్కరోజు మానితే సున్నాకి దించే యాప్ నాకొద్దు

అలవాట్లని గుర్తుచేసి, ఏ రోజు చేశామో ఏ రోజు మానామో లెక్క పెట్టే లూప్ హ్యాబిట్ ట్రాకర్ అనే యాప్ నా ఫోన్లో ఏడాది పైనుంచీ ఉంది. దానికి ముందు వేసుకుని తీసేసినవి చాలానే. దీంట్లో ఏముందో చెప్పేముందు నా పనేంటో చెప్పాలి. ఎందుకంటే మీ పని వేరైతే మీకు కుదిరే యాప్ కూడా వేరే కావచ్చు.

మాది విజయనగరం, గంటస్తంభం దగ్గర మందుల షాపు. పొద్దున్న షట్టర్ ఎత్తితే రాత్రి పదింటికే దించడం. ఒక చేతిలో చీటీ, ఇంకో చేతిలో స్ట్రిప్పు కత్తిరించే కత్తెర. మధ్యలో ఫోన్ తీసి తీరిగ్గా చూసుకునే పనే లేదు. నేను గుర్తుంచుకోవలసినవి పెద్దవేం కావు. పరగడుపున థైరాయిడ్ మాత్ర, అయ్యకోనేరు చుట్టూ నడక, సాయంత్రం రెండో టీ మానడం, గల్లా లెక్క ఏ రాత్రిది ఆ రాత్రే రాసెయ్యడం.

ముందు వాడిన ఒక యాప్‌లో మంట బొమ్మ ఉండేది. వరసగా ఎన్ని రోజులు చేస్తే ఆ మంట పక్కన అంత అంకె. బాగానే సాగింది, పైడితల్లమ్మ పండగ వచ్చేదాకా. దసరా వెళ్లిన మంగళవారం సిరిమానోత్సవం, ముందురోజు తొలేళ్లు. ఆ రెండు రోజులూ మా బజార్లో అడుగు వెయ్యడానికే సందుండదు, ఇంక వాకింగేటి! ఇంటినిండా చుట్టాలు, వంటింట్లో చాపలు, హాల్లో చాపలు. పండగయ్యాక యాప్ తెరిస్తే మంట ఆరిపోయింది, పక్కన సున్నా. అన్నాళ్లు నడిచిన నడకంతా ఏమైనట్టు? కాళ్లలోంచి తీసేశారా? ఆ సున్నా చూశాక మర్నాడు చెప్పులేసుకోబుద్ధి కాలేదు. ఆ యాప్ తీసేశాను. ఇంకోటైతే వారం ఉచితం అంటూ ముందే ఆటోపే పెట్టమంది. దాని సంగతి ఇంతకంటే చెప్పడం దండగ.

లూప్‌లో అసలు విషయం ఆ లెక్క వేసే పద్ధతే. ప్రతి అలవాటుకీ ఒక శాతం ఉంటుంది. చేసిన రోజు పెరుగుతుంది, మానిన రోజు కొంచెం తగ్గుతుంది. రోజూ చెయ్యాల్సినది తప్పకుండా చేస్తే నెలకి సుమారు 80 శాతానికి చేరుతుంది, రెండు నెలలకి 96, మూడు నెలలకి 99. అంత దూరం వచ్చాక ఒకరోజు మానితే పోయేది 5 శాతం చిల్లర. వరస లెక్క ఇందులోనూ ఉంది గానీ లోపలి పేజీలో కిందెక్కడో ఉంటుంది, కావాలంటే వెళ్లి చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో స్కిప్ అనేది ఆన్ చేసుకుంటే, ఆ రోజు చేసినట్టూ కాదు మానినట్టూ కాదు. శాతం ఎక్కడిదక్కడే ఉంటుంది, వరసా తెగదు. ఈసారి తొలేళ్లకీ సిరిమానుకీ అదే పెట్టాను.

ఇది ఊరికే మనసుకి నచ్చే ఏర్పాటు అనుకోకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే ఆవిడ బృందం 96 మంది మీద 12 వారాలు చేసిన అధ్యయనం ఉంది. ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి పట్టే కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని ఆ 12 వారాల లెక్కని ముందుకి సాగదీసి అంచనా వేశారు, మధ్యస్థంగా 66. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందని వాట్సాప్‌లో తిరిగేదానికి అదే జవాబు. మధ్యలో ఒక్కసారి మానితే పెద్ద తేడా రాలేదని కూడా వాళ్లు చూశారు.

కౌంటర్ దగ్గర నాకు రోజూ కనిపించేదీ ఇదే. నెల్లిమర్ల నుంచి వచ్చే ఒకాయన ఉన్నాడు, బీపీ మాత్రల కోసం. "బాబూ, నిన్న మాత్ర మరిసిపోనాను, ఇయ్యాల రెండేసీమంతావేటి?" అని అడుగుతాడు. "వద్దు మావా, నిన్నటిది వదిలెయ్. ఈ రోజుది ఈ రోజే" అంటాను. చాలా మాత్రలకి ఇదే సమాధానం, అనుమానముంటే డాక్టర్ని అడగాలి. అసలు ప్రమాదం రెండు వేసుకునేవాళ్లతోనూ, ఒకటి పోయింది కదాని కోర్సు మొత్తం వదిలేసేవాళ్లతోనూ. సున్నా చూపించే యాప్ ఈ రెండో రకం మనుషుల్ని తయారుచేస్తుందని నా అభిప్రాయం.

నాకు బాగా పనికొచ్చిన ఇంకో సంగతి, రోజూ కానివాటిని కూడా దీంట్లో సరిగ్గా రాసుకోవచ్చు. వారానికి మూడుసార్లు, రెండు రోజులకోసారి, నెలకిన్ని సార్లు, ఎలా కావాలంటే అలా. మందుల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. 60,000 యూనిట్ల విటమిన్ డి వారానికి ఒకటి రాస్తే రోజుకొకటి మింగినవాళ్లని చూశాను. కీళ్లవాతానికి వారానికోసారి రాసే మెథోట్రెక్సేట్ పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అలాంటివాళ్లకి నేను యాప్ చెప్పను. స్ట్రిప్పు మీద పెన్నుతో "ఆదివారం మాత్రమే" అని రాసిస్తాను, ఇంట్లో వాళ్లకి ఫోన్ చేసి కూడా చెప్తాను. యాప్‌కి మనం టిక్ కొట్టామని తెలుస్తుంది గానీ మాత్ర గొంతు దిగిందని తెలీదు కదా.

వాడకం చాలా సులువు. తెర మీద ఒక్కో అలవాటుకీ ఒక్కో అడ్డవరస, అందులో ఈ మధ్య రోజుల గళ్లు. గడిని కాసేపు నొక్కి పట్టుకుంటే టిక్ పడుతుంది. ఊరికే తాకితే పడదు, జేబులో చెయ్యి తగిలి తప్పుడు టిక్ పడకుండా అది మంచిదే. ఒక్క నొక్కు చాలనుకుంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. అలవాటు పేరు తెలుగులోనే టైప్ చెయ్యొచ్చు, గుర్తుచేసే ప్రశ్న కూడా. నాది రాత్రి మోగినప్పుడు "గల్లా లెక్క రాశావా, లేక రేపంటున్నావా?" అని అడుగుతుంది. నేనే రాసుకున్న ప్రశ్న, అయినా రోజూ గుచ్చుకుంటుంది. యాప్ తెరవక్కర్లేదు, నోటిఫికేషన్ మీదే అవునో కాదో నొక్కేస్తే సరి. ఎకౌంటూ లేదు, నెట్టూ అక్కర్లేదు. ప్రకటనలు లేవు, డబ్బూ లేదు. యాప్ లోపలి కోడ్ కూడా ఎవరైనా చూసుకునేలా తెరిచి పెట్టిందే.

లోపాలూ ఉన్నాయి. ఒక అలవాటుకి ఒకే రిమైండరు. రెండుపూటలా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు ఉదయానికో వరస, రాత్రికో వరస పెట్టుకోవాలి. మన రికార్డంతా ఫోన్లోనే ఉంటుంది. అప్పుడప్పుడూ బ్యాకప్ ఫైలు తీసి వేరేచోట పెట్టుకోకపోతే, ఫోన్ పోయిన రోజున అదీ పోతుంది. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా సెట్టింగ్ వల్ల రిమైండర్లు మోగవు, లూప్‌కి ఆ సెట్టింగ్ వర్తించకుండా తప్పించాలి. ముప్పావు మంది "యాప్ పనిచెయ్యట్లేదు" అనేది దీనికే అని నా ఊహ.

మా మేనల్లుడికి లూప్ చూపిస్తే "మావయ్యా, ఇది లెక్కల పుస్తకంలా ఉంది" అన్నాడు. వాడిది హ్యాబిటికా, అలవాట్లని ఆటలా ఆడించే యాప్. 2013లో హ్యాబిట్‌ఆర్‌పీజీ పేరుతో మొదలైంది. చేసిన పనికి బంగారం, కత్తి, పెంపుడు జంతువులు. రోజువారీ పని మానితే ఆటలో ప్రాణం తగ్గుతుంది. జట్టుగా రాక్షసుడి మీద పోరాడుతున్నప్పుడు మానితే మిగతా వాళ్లకీ దెబ్బ తగులుతుంది. హాస్టల్లో నలుగురు కుర్రాళ్లకి అది సరదా, ఒకణ్ణి చూసి ఇంకొకడు చదువుతాడు. నాలాంటివాడికి మాత్రం, నా వాకింగ్ ఎగ్గొడితే ఎవరో పరాయి మనిషికి దెబ్బ తగులుతుందంటే అదో టెన్షన్.

లూప్ ఆండ్రాయిడ్‌కే ఉంది. ఐఫోన్ వాళ్లలో స్ట్రీక్స్ అనే యాప్‌కి పేరుంది, 2016లో ఆపిల్ వాళ్ల డిజైన్ అవార్డు కూడా వచ్చింది. అయితే అది వరస లెక్క మీదే నడిచేది. పండగలకీ పెళ్లిళ్లకీ తిరిగే ఇల్లైతే కొనేముందు ఆలోచించుకోండి.