యాంటిక్ డేబెడ్ కొనేముందు ఒక్కసారి తిరగేసి చూడండి

డేబెడ్ కొనాలనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా ప్రకటనలో 'యాంటిక్' అన్న మాట కనిపించగానే మనసు పారేసుకునేవాళ్లు, దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను ముందు కట్టేసి తర్వాత తెలుసుకున్నాను, ఇప్పటికీ ఆ బాధ తగ్గలేదు.

పగలు సోఫాలా, రాత్రి మంచంలా పనికొచ్చే డేబెడ్, అంటే దివాన్ ఒకటి ఇంట్లో ఉండాలని నాకు ఎప్పటి నుంచో కోరిక. ఆన్‌లైన్‌లో ఒకటి దొరికింది. '120 ఏళ్ల నాటి రెకామియే, అసలు రోజ్‌వుడ్, ఎక్కడా రిపేరు లేదు' అని రాశారు. ఫోటోలు చాలా బాగున్నాయి. ఒక చివర ఎత్తుగా వంపు తిరిగి, రెండో చివర తక్కువ ఎత్తులో, కోళ్లు చక్కగా చెక్కి ఉన్నాయి. వేరేవాళ్లు అడుగుతున్నారు, రేపటికల్లా చెప్పండి అని ఫోన్‌లో తొందరపెట్టారు, నేను ఆ తొందరలో పడి మొత్తం డబ్బు పంపేశాను. అక్కడే తప్పు చేశాను.

ఆ పేరు గురించి ఒక మాట. రెకామియే అనేది ఆకారానికి పేరు, వయసుకు కాదు. డావిడ్ అనే చిత్రకారుడు 1800లో మదాం రెకామియే అనే ఆవిడ ఇలాంటి దివాన్ మీద ఒరిగి కూర్చున్న బొమ్మ గీశాడు, అది ఇప్పుడు లూవ్ర్ మ్యూజియంలో ఉంది, ఆవిడ పేరే ఆ ఆకారానికి స్థిరపడిపోయింది. నిన్న చేసిన దివాన్‌ని కూడా ఆ పేరుతో అమ్మొచ్చు. నేను పేరు చూసి వయసు నమ్మేశాను.

సామాను వచ్చాక మూడో రోజు తుడుస్తుంటే ఒక కోడు పక్కన నేల మీద సన్నటి పిండిలాంటి పొడి కనిపించింది. తుడిచేశాను. మర్నాడు అదే చోట మళ్లీ చిన్న కుప్ప. అప్పుడు అనుమానం వచ్చి పరుపు తీసి, ఇద్దరం కలిసి దాన్ని బోర్లా తిరగేశాం. లోపలి పట్టెల మీద గుండుసూది తలంత రంధ్రాలు, కొన్నింటి అంచులు ఇంకా తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి, అంటే పురుగు ఇప్పుడిప్పుడే బయటికొస్తోందన్నమాట. పైకి కనిపించే చోట మాత్రం ఆ రంధ్రాల్లో గోధుమరంగు మైనం నింపి పాలిష్ కొట్టేశారు. కర్ర పుచ్చిందని వాళ్లకి తెలియకపోతే అలా మూసేయరు కదా!

తెలిసిన వడ్రంగిని పిలిచాను. ఆయన టార్చి వేసి చూసి మొదట చూపించింది ఆ రంధ్రాలు కాదు, ఒక పట్టె మీద పొడుగ్గా కాలువల్లా సాగిన గీతలు. పురుగు కర్ర లోపల సొరంగాలు చేసుకుంటూ తిరుగుతుంది, బయటికొచ్చేటప్పుడు మాత్రమే పైన గుండ్రటి రంధ్రం పడుతుంది. ఆ సొరంగాలు సగానికి కోసినట్టు పైకే కనిపిస్తున్నాయంటే, పురుగు తిన్న పాత చెక్కని ఆ తర్వాత రంపంతో కోసి ఈ పట్టె చేశారని అర్థం. చెక్క పాతదే కానీ దివాన్ కొత్తది.

ఆ తర్వాత స్క్రూలు చూపించారు. తల మీద ప్లస్ గుర్తున్నవి. ఆ రకం స్క్రూలు వాడుకలోకి వచ్చిందే 1930ల మధ్యలో. రిపేరుకి తర్వాత ఎవరో వేసి ఉండొచ్చు కదా అని అడిగాను. ఉండొచ్చు, కానీ అలాగైతే పక్కన పాత స్క్రూ రంధ్రమో, మేకు ఊడదీసిన గుర్తో ఉండాలి, ఇక్కడ ఒక్కటీ లేదు అన్నారు. చివరగా గుండ్రటి కోడుని కొలిచారు. కర్ర ఏళ్ల తరబడి ఆరుతూ అన్ని వైపులా ఒకేలా కుంచించుకుపోదు, అందుకే నిజంగా పాతదైన గుండ్రటి కోడు కొలిస్తే కాస్త కోలగా తేలుతుంది. నా దానికి ఏ వైపు కొలిచినా ఒకే కొలత.

అమ్మినవాళ్లకి ఫోటోలన్నీ పంపాను. 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మాం, వాపసు లేదు' అని ఒక్క మెసేజ్ పెట్టి ఫోన్ ఎత్తడం మానేశారు. రసీదులో 'పాత దివాన్ 1' అని మాత్రమే ఉంది. ప్రకటనలో చెప్పిన వయసు, కర్ర పేరు, రిపేర్ల సంగతి రసీదు మీద రాయించుకోండి. రాయడానికి వెనకాడితే అక్కడే ఆగిపోండి.

యాంటిక్ కాకుండా వింటేజ్ అంటే 1950, 60ల నాటి సన్న కోళ్ల డేబెడ్లు చూస్తున్నవాళ్లు పరుపు కవరు జిప్ తీసి ఫోమ్‌ని నొక్కండి, పాతబడ్డ ఫోమ్ పొడిపొడిగా రాలుతుంది. కింద రబ్బరు పట్టీలుంటే బిరుసెక్కి పగుళ్లిచ్చాయేమో చూడండి. కుట్ల మడతల్లో నల్లటి చుక్కలుంటే నల్లులని అనుమానించండి, అలాంటిది ఇంట్లోకి తేవద్దు. వేరే దేశం నుంచి తెప్పిస్తుంటే ఇంకో చిక్కుంది. బ్రెజిలియన్ రోజ్‌వుడ్ 1992 నుంచి సైటిస్ (అంతరించిపోయే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది, సరైన కాగితాలు లేకపోతే కస్టమ్స్‌లో ఆగిపోతుంది. కొత్తవాటిలో ముఖ్యంగా చూడాల్సింది పైన వెనీర్ (పల్చటి చెక్క పొర) అతికించిన ఎండీఎఫ్‌ని (చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలకని) 'సాలిడ్ వుడ్' అని అమ్మడం. అంచు దగ్గర, కింది వైపు చూస్తే కర్ర సహజ గీతలు ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి కొనసాగుతున్నాయో లేదో తెలిసిపోతుంది.

ప్రస్తుతం నా దివాన్ మిగతా చెక్క సామాను నుంచి దూరంగా, ప్లాస్టిక్ షీటు చుట్టి ఉంది. పురుగు మందు పట్టించాను, కింద నల్ల కాగితం పరిచి రోజూ పొడి పడుతోందేమో చూస్తున్నాను. లార్వాలు లోపల ఏళ్ల తరబడి ఉండగలవట, ఆ టెన్షన్ ఇప్పట్లో పోదు.

నిన్న అవే ఫోటోలతో మళ్లీ ప్రకటన కనిపించింది, ఈసారి '90 ఏళ్ల నాటిది' అని. పెద్దది చేసి చూస్తే వంపు తిరిగిన చివర మీద అడ్డంగా ఒక గీత ఉంది, నా ఇంట్లో ఉన్నదానికి ఆ గీత లేదు. అంటే నేను చూసిన ఫోటో నాకొచ్చిన దివాన్‌ది కానే కాదు. మీలో ఎవరైనా దానికోసం మాట్లాడుతుంటే, డబ్బు పంపకముందే వీడియో కాల్‌లో దాన్ని బోర్లా తిప్పి చూపించమనండి.