ముఖద్వార క్యాన్సర్ పరీక్ష: ఒక సేవగా దాని మంచిచెడ్డలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్షను నేను పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ చేయించుకున్నాను. ఏ బాధా లేని స్త్రీ నిర్ణీత వ్యవధిలో వెళ్లి అందుకోవలసిన సేవగా దీనిని ఎక్కడ మెచ్చుకోవాలో, ఎక్కడ నిలదీయాలో ఈ సమీక్షలో చెప్పదలచుకున్నాను.

ఈ పరీక్షకు ఉన్న విలువ అంతా ఆ జబ్బు ముదిరే తీరులోనే ఉంది. దాదాపు అన్ని ముఖద్వార క్యాన్సర్లకూ హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, కారణం. లైంగిక జీవితం ఉన్నవారిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దానిని వదిలించుకుంటుంది. కొద్దిమందిలో మాత్రం తిష్ఠ వేసి ముఖద్వారపు కణాలను మెల్లగా మారుస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా పరిణమించడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ వ్యవధి ఇంకా తక్కువ. ఇంత గడువు ఉన్నప్పటికీ, 2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 6,60,000 మందిలో ఈ వ్యాధి బయటపడిందనీ, సుమారు 3,50,000 మంది మరణించారనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ అంకెలు చదివినప్పుడు నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువగా కలుగుతుంది.

పరీక్ష గదిలో గడిపేది కొద్ది నిమిషాలే. స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిని కొంచెం తెరిచి, చిన్న బ్రష్‌తో ముఖద్వారం దగ్గరి కణాలను సేకరిస్తారు. నాకు నొప్పి కంటే ఒత్తిడే తెలిసింది; కొందరికి నొప్పి కలగవచ్చు, ముఖ్యంగా నెలసరి ఆగిపోయినవారికి. ఇక్కడ సేవ నాణ్యత పూర్తిగా చేసే మనిషి మీద ఆధారపడి ఉంటుంది. ప్రతి అడుగునూ ముందుగా చెప్పి, చిన్న పరిమాణపు స్పెక్యులమ్ కావాలా అని అడిగి, ఆపమంటే ఆపే నర్సు చేతిలో ఇది సులువైన పని. తలుపు వేయకుండా, నలుగురూ వింటుండగా వ్యక్తిగత ప్రశ్నలు వేసే చోట ఇదే పరీక్ష అవమానంగా మారుతుంది. అలా నొచ్చుకున్న స్త్రీ మళ్లీ రాదు, చెల్లెలినీ పంపదు. రెండు రోజుల ముందు నుంచి యోనిలో మందులు వాడకూడదని, లోపల కడుక్కోకూడదని, కలయికకు దూరంగా ఉండాలని, నెలసరి లేని రోజున రావాలని ముందే చెప్పని కేంద్రాన్ని కూడా నేను తక్కువగానే అంచనా వేస్తాను.

ఇక పద్ధతుల విషయం. జార్జ్ పాపనికొలావ్ అనే వైద్యుడి పేరు మీద వచ్చిన పాత పద్ధతి, పాప్ స్మియర్‌లో కణాల రూపాన్ని సూక్ష్మదర్శినితో చూస్తారు. 1943లో ఆయన, హెర్బర్ట్ ట్రౌట్ కలిసి ప్రచురించిన గ్రంథం తరువాత అది విస్తృతంగా వాడుకలోకి వచ్చి ఎన్నో ప్రాణాలను కాపాడింది. అయితే చూసే కంటి నైపుణ్యం మీద ఆధారపడటం వల్ల ఒక్కసారి చేస్తే కొన్ని మార్పులు తప్పిపోతాయి, అందుకే తరచుగా చేయించుకోవాలి. హెచ్‌పీవీ డీఎన్ఏ పరీక్ష కణాల మార్పు కోసం కాక, ఆ మార్పుకు కారణమైన వైరస్ కోసమే వెతుకుతుంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికే ప్రాధాన్యమిచ్చింది: సాధారణంగా 30 ఏళ్ల నుంచి, 5 నుంచి 10 ఏళ్లకు ఒకసారి; హెచ్ఐవీ ఉన్నవారికి 25 ఏళ్ల నుంచి, 3 నుంచి 5 ఏళ్లకు ఒకసారి. దేశాన్ని బట్టి వయసు, వ్యవధి మారుతాయి. ఈ పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ స్వయంగా, స్పెక్యులమ్ అవసరం లేకుండా తీసుకునే వీలుండటం నా దృష్టిలో ఈ సేవలో వచ్చిన అతి పెద్ద మేలు. ప్రయోగశాల అందుబాటులో లేని చోట్ల పలుచని ఎసిటిక్ ఆమ్లం పూసి, తెల్లబడిన భాగాలను కంటితో చూసే పద్ధతి ఉంది. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది, కానీ నెలసరి ఆగినవారికి అది అంతగా సరిపోదు.

నా అసలు ఫిర్యాదు ఫలితం చెప్పే తీరు మీదే. హెచ్‌పీవీ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు, ఇంకొంచెం పరిశీలన అవసరమని అర్థం. ఆ ఒక్క వాక్యం చెప్పకుండా చేతిలో కాగితం పెట్టి పంపితే ఆమె భయంతో కుంగిపోతుంది, లేదా ఎవరికీ చెప్పుకోలేక కాగితాన్ని దాచేస్తుంది. తరువాతి దశలో కాల్పోస్కోపీతో, అంటే భూతద్దం లాంటి పరికరంతో, ముఖద్వారాన్ని పెద్దదిగా కనిపించేలా చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. క్యాన్సర్‌కు ముందటి మార్పులను వేడితో మాడ్చి గానీ తీగ ఉచ్చుతో తొలగించి గానీ నయం చేయవచ్చు, గర్భాశయం తీసేయవలసిన పని సాధారణంగా ఉండదు. ఈ క్యాన్సర్ నిర్మూలనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెచ్చిన వ్యూహం 2030 కల్లా 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి పరీక్ష జరగాలనడంతో ఆగలేదు. జబ్బు బయటపడినవారిలో 90 శాతం మందికి చికిత్స అందాలని కూడా అందులోనే పెట్టింది. అందువల్ల పేరు నమోదు చేసుకునే ముందే ఏ పరీక్ష చేస్తారో, ఫలితం ఎన్నాళ్లకు ఎవరు చెబుతారో, తేడా కనిపిస్తే కాల్పోస్కోపీ ఎక్కడ చేస్తారో అడగండి. మూడో ప్రశ్నకు జవాబు లేని శిబిరాన్ని, పరీక్ష ఉచితమైనా సరే, నేను సిఫారసు చేయను.

హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికి కూడా ఈ పరీక్ష అవసరమే, ఎందుకంటే క్యాన్సర్ కలిగించే రకాలన్నిటి నుంచీ టీకా రక్షించదు. కలయిక తరువాత రక్తం కనిపించినా, నెలసరి ఆగిన తరువాత రక్తస్రావమైనా, దుర్వాసనతో కూడిన స్రావం తగ్గకపోయినా తరువాతి పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే వైద్యురాలిని కలవాలి. పోయినసారి ఫలితం నెగటివ్ వచ్చిందన్న ధీమాతో ఆగిపోకూడదు.