మూడు పనులున్న ఇంట్లో పెట్టె రాట్నం: పద్నాలుగు నెలల వాడకం తరువాత

శ్రీకాకుళంలోని మా ఇంటి నడవలో, కిటికీ పక్కన, చిన్న బల్ల మగ్గం ఒకటి ఉంది. దానిమీద ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక పడుగు, అంటే నేతకు నిలువుగా కట్టే పోగుల వరుస, ఎక్కే ఉంటుంది. మంచం పక్కనున్న వెదురు బుట్టలో, ఢిల్లీలో చదువుకుంటున్న మనవడి కోసం అల్లుతున్న ఊలు స్వెట్టరు ఉంటుంది. ఈ రెండు పనులూ సాగుతుండగానే, నేసే నూలు కూడా సొంతంగా వడుక్కోవాలన్న కోరికతో పద్నాలుగు నెలల క్రితం ఒక పెట్టె రాట్నం తెప్పించుకున్నాను. రవాణాతో కలిపి 3,800 రూపాయలయింది. ఇంట్లో ఇప్పటికే ఒకటో రెండో చేతిపనులు నడుస్తూ, మూడోదాన్ని చేర్చుకోవచ్చునా అని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా వస్తువును గురించి చెబుతాను. చూడడానికి ఇది చేతిసంచీకి బదులు పట్టుకుపోయే చిన్న చెక్కపెట్టెలా ఉంటుంది. మూత పూర్తిగా వెనక్కి వాల్చితే రెండు భాగాలూ నేలమీద ఒకే బల్లగా పరుచుకుంటాయి. ఒక భాగంలో పిడి ఉన్న పెద్ద చక్రం, దాని పక్కనే చిన్న చక్రం పడుకోబెట్టినట్టు అమరి ఉంటాయి. రెండో భాగంలో కదురును (తిరుగుతూ నూలుకు పురిపెట్టే సన్నని పుల్లను) నిలిపే కొయ్య, అదనపు కదుళ్లు, వడికిన నూలును చిలపగా (పెద్ద చుట్టగా) చుట్టుకునే మడత చట్రం ఉంటాయి. పెద్ద చక్రం నుంచి చిన్న చక్రానికి ఒక తాడు, చిన్న చక్రం నుంచి కదురుకు మరొక సన్నని తాడు వెళతాయి. చక్రాల కొలతలను బట్టి నేను లెక్క వేస్తే, పెద్ద చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి కదురు 80 చుట్లకు పైగా తిరుగుతుంది. పత్తి పోగు పొట్టిది కనుక నూలు నిలవాలంటే పురి ఎక్కువ పడాలి; ఆ వేగాన్ని అంత చిన్న పెట్టెలో ఇమడ్చగలగడమే ఈ రెండు చక్రాల ఏర్పాటులోని గొప్పతనం. ఇళ్లలో వాడుకోదగిన మెరుగైన రాట్నానికి అఖిల భారత చరఖా సంఘం 1929లో లక్ష రూపాయల బహుమతి ప్రకటించింది. ఆ మరుసటి ఏడాది ఎరవాడ జైలులో ఉన్న గాంధీజీ స్వయంగా ఇలాంటి మడత రాట్నాన్ని తీర్చిదిద్దే పనిలో పడ్డారు. దీన్ని ఎరవాడ చక్రం అని ఇప్పటికీ పిలవడానికి కారణం అదే.

నాకు అందిన పెట్టె పనితనం మొత్తంమీద బాగుంది. చెక్క బరువైనది, అంచులు నున్నగా ఉన్నాయి, చక్రాలు చప్పుడు లేకుండా తిరుగుతాయి. అయితే అసలు పని చేసేది కదురు. ఆ కదురు విషయంలోనే నాకు నిరాశ ఎదురయింది. పెట్టెతో వచ్చిన మూడు కదుళ్లలో రెండింటికి కొన వద్ద కంటికి తెలియనంత వంపు ఉంది. కదురు వంగి ఉంటే ప్రతి చుట్టులోనూ దాని కొన అదురుతుంది, ఆ అదురు పోగుకు తగులుతుంది, పోగు సరిగ్గా సన్నబడే చోటనే తెగిపోతుంది. మొదటి మూడు వారాలు ఆ తప్పు నా చేతిదే అనుకుని ఎంతో కుంగిపోయాను. అమ్మినవారికి రాస్తే కొత్తవి పంపుతామన్నారు కాని పంపలేదు. చివరికి మా వీధిలో కుట్టుమిషన్లు బాగుచేసే అతను ఒక మధ్యాహ్నం కూర్చుని రెండింటినీ సరిచేసి ఇచ్చాడు. ఆనాటి నుంచి నూలు తెగడం సగానికి పైగా తగ్గింది. కొనదలచినవారు పెట్టె అందిన రోజునే కదుళ్లను గాజుపలకమీద దొర్లించి చూసుకోవాలి. తిన్నగా ఉన్నది గాజును అంటిపెట్టుకుని దొర్లుతుంది, వంగినది ఎక్కడో ఒకచోట లేస్తుంది.

వాడే పద్ధతి గురించి తెలుగులో ఒక్క కాగితమైనా పెట్టెలో లేదు. ఆ లోటును నాకు పొందూరు తీర్చింది. మన జిల్లాలోనే ఇంత విద్య ఉండగా దూరంగా వెతకవలసిన పనేముందని, ఒక ఉదయం రైలెక్కి అక్కడికి వెళ్లి, నూలు వడికే ఒక మామ్మగారి పక్కన కూర్చున్నాను. అక్కడి సన్న ఖద్దరుకు పత్తిని తీర్చే పద్ధతి చూస్తే చేతులు జోడించాలనిపిస్తుంది. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ చేప పళ్లు అంత సన్నగా, అంత దగ్గరగా ఉండడం వల్ల నలతా చెత్తా పోయి పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. తరువాత చెక్కమీద ఇనుప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు, వింటితో ఏకుతారు, ఆ పత్తిని వడకడానికి వీలైన ఏకులుగా (మెత్తని చుట్టలుగా) చుట్టి అవి మెత్తదనం కోల్పోకుండా ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. వడికే రాట్నం 24 ఆకుల పెద్ద చక్రంతో ఒకే కదురు ఉన్నది. నా పెట్టె రాట్నాన్ని అక్కడే తెరిచి చూపించాను. మామ్మగారు కాసేపు తిప్పి, నా ఎడమ చేతిని చూసి, "ఏకుని అలా బిగించీకమ్మా, నలిగిపోతాది. చేతిలో ఉందో లేదో అన్నట్టు పట్టుకో" అన్నారు. రాట్నం గురించి నాకు అందిన సలహాలన్నిటిలో ఆ ఒక్క మాటే ఎక్కువ పనికొచ్చింది.

ఇక్కడ నూలు సన్నదనాన్ని తెలిపే నంబరు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టెతో ఏమి ఆశించవచ్చునో, ఏమి ఆశించకూడదో దానితోనే తేలుతుంది. ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని తూగితే ఆ నూలుది అంత నంబరు. ఆ లెక్కన 10 నంబరు నూలు వెయ్యి మీటర్లు సుమారు 59 గ్రాములు ఉంటుంది. పొందూరు ఆడవాళ్ల చేతిలో 100 నంబరు పలికే నూలు అదే వెయ్యి మీటర్లు సుమారు 6 గ్రాములే ఉంటుంది. పద్నాలుగు నెలల తరువాత నా చేతికి 10 నంబరు నిలకడగా వస్తోంది, మంచి ఏకులు దొరికిన రోజున 20 వరకు వెళుతోంది. లోపం రాట్నంలో లేదు, నా చేతిలోనూ నేను కొనే ఏకులలోనూ ఉంది. మిల్లులో తీసిన పట్టీని ముక్కలుగా చింపి వాడుకుంటే మొదట నేర్చుకోవడానికి బాగానే ఉంటుంది, సన్ననూలుకు మాత్రం చేతితో ఏకిన పత్తికి సాటి రాదు.

ఇక మూడు పనుల పొందిక సంగతి. వడకడం మొదలుపెట్టే ముందు నేను ఈ లెక్క వేసుకోలేదు, వేసుకుని ఉంటే మొదటి ఆరు నెలలు మగ్గం ఖాళీగా పడి ఉండేది కాదు. నా బల్ల మగ్గంమీద 40 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ఉన్న రెండు తువాళ్లు నేయాలనుకుందాం. పోగులను విడదీసి పట్టే పన్నె సెంటీమీటరుకు 5 పోగులది కనుక పడుగుకు 200 పోగులు కావాలి; కట్టుబడికి, చివర వృథాకు కలిపి ఒక్కో పోగు 2.4 మీటర్లు పెట్టుకుంటే 480 మీటర్లు. అడ్డంగా నేసే పేకకు మరొక 380 మీటర్ల వరకు పడుతుంది. రెండు పోగులు కలిపి పురిపెట్టిన నూలు వాడతాను కనుక వడకవలసినది దీనికి రెట్టింపు, అంటే 1,700 మీటర్లు దాటుతుంది. నాకు గంటకు 150 మీటర్లు సాగుతుంది. వడకడానికి 12 గంటలు, పురిపెట్టడానికి మరొక మూడు గంటలు పోతే, నేత మాత్రం మూడు పూటల్లో ముగుస్తుంది. కాబట్టి రాట్నం ఎప్పుడూ మగ్గం కంటే ఒక పడుగు ముందు నడవాలి. పడుగు ఎక్కించిన రోజునే తరువాతి పడుగు కోసం కదురు తిరగకపోతే, నేత ముగిసిన వెంటనే మగ్గం ముందు చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

సరిగ్గా ఈ చోటనే పెట్టె రాట్నం తన ఖరీదును నిలబెట్టుకుంది. మగ్గం ఉన్న చోటు నుంచి కదలదు. స్వెట్టరు కదులుతుంది గాని, మెడ దగ్గర కుట్లు తగ్గించే వరుసల్లో ఉన్నప్పుడు మధ్యలో లేస్తే ఎక్కడ ఆపామో మళ్లీ లెక్కపెట్టుకోవలసి వస్తుంది. రాట్నం అలా కాదు. వంట పొయ్యిమీద ఉడుకుతున్న పావుగంటలో తెరవవచ్చు, గుమ్మంలో ఎవరో పిలిస్తే వడికిన బారను కదురుమీది నూలు కండెకు చుట్టి ఆ క్షణంలోనే ఆపవచ్చు. కదురుమీద సగం కండె ఉండగానే మూత వేసేయవచ్చు. నెల్లాళ్లు మూసి ఉంచినా మళ్లీ తెరిచిన చోటే పని దొరుకుతుంది. నేను చేసిన చిన్న ఏర్పాటు ఒకటే: దించిన ప్రతి కండెకు ఒక చీటీ కట్టి, తేదీ, బరువు, పురి ఏ వైపు తిరిగిందో రాస్తాను. మూడు పనుల మధ్య మనసు మారుతూ ఉంటుంది కనుక జ్ఞాపకాన్ని నమ్ముకోవడం మానేశాను.

పురి వైపు ఎందుకు రాయాలో నాకు అల్లిక నేర్పింది. మొదట్లో ఒంటిపోగు చేతినూలుతో ఒక చేతిగుడ్డ అల్లితే, ఇరవై వరుసలు దాటేసరికి చతురస్రం కావలసినది పక్కకు ఒరిగిపోయింది. ఒకే వైపు పురి ఉన్న పోగు తనలోని ఆ పురిని విప్పుకోవాలని చూస్తుంది. అల్లికలోని ప్రతి కుట్టూ వదులుగా ఉండే ఉచ్చు కనుక దాన్ని ఆపలేక తానూ వాలుతుంది. మగ్గంమీద పడుగూ పేకా ఒకదానినొకటి బిగించి పట్టుకుంటాయి కనుక ఒంటిపోగుతోనూ నెట్టుకురావచ్చు. అల్లికకు మాత్రం రెండు పోగులను కలిపి, వడికిన వైపుకు ఎదురు వైపు తిప్పి పురిపెట్టాలి. అందుకు ఈ పెట్టెలోని చక్రాన్నే ఎదురు తిప్పితే చాలు, వేరే పనిముట్టు అక్కరలేదు. తరువాత చిలపను నీళ్లలో అరగంట ఉడికించి, కింద కొద్ది బరువు కట్టి నీడలో ఆరబెడితే పురి కుదురుకుంటుంది. ఇలా తయారైన నూలుతో అల్లిన చేతిగుడ్డలు ఏడాదిగా ఉతుకులు తింటున్నా ఒరగలేదు.

మన సముద్రతీరపు వాతావరణంలో ఈ రాట్నం ఎలా ఉంటుందో తప్పక చెప్పాలి. గాలిలో తేమ ఉంటే పత్తి పోగు చక్కగా సాగుతుంది, ఎండిపోయిన గాలిలో చిట్లుతుంది; ఆ విధంగా శ్రీకాకుళం వానాకాలం వడకడానికి అనుకూలమైనదే. కాని అదే తేమకు ఈ పెట్టె చెక్క ఉబ్బి, ఆగస్టు నెలలో మూత తెరవడానికి మోకాలితో అదిమి పట్టవలసి వచ్చింది. చక్రాల తాళ్లు ఒక రోజు బిగిసి మరొక రోజు జారేవి. తాళ్లకు మైనం రుద్దాక చాలావరకు సర్దుకున్నాయి, మూత అంచును వడ్రంగి చేత పలచగా చిత్రిక పట్టించాను. గంజి పెట్టిన పడుగుకు ఈ తేమ అసలు పడదు. ఒక ఏడాది అక్టోబరు ముసురులో వారం రోజులు మగ్గంమీద వదిలేస్తే పోగులు ఒకదానికొకటి అంటుకుని, అక్కడక్కడ బూజు కూడా పట్టింది. అందుచేత ఇప్పుడు వానలున్నంత కాలం రాట్నానికే ఇస్తాను. చలి మొదలయ్యాక అరచేతులు చెమర్చవు కనుక ఊలు సూదులమీద సాఫీగా జారుతుంది, స్వెట్టరు అప్పుడు ముందుకు కదులుతుంది. సంక్రాంతి దాటాక గాలి పొడిబారినప్పుడు పడుగు ఎక్కిస్తాను. వేసవి మధ్యాహ్నాల్లో వేప ఆకులు వేసి ఊలు బుట్ట మూసేసి, మిగిలిన నేత ముగిస్తాను.

మిగిలిన లోపాలు చిన్నవి. చిలప చుట్టే మడత చట్రం చాలా తేలికైనది, వేగంగా తిప్పితే ఊడి వస్తుంది. నేను దాన్ని పక్కన పెట్టి కుర్చీ వీపుకు చుట్టుకుంటున్నాను. కింద కూర్చుని వాడాలన్నది దీని రూపకల్పన, కాని మోకాళ్ల నొప్పులున్నవారు మంచంమీదనో పొట్టి బల్లమీదనో పెట్టుకోవచ్చు, పెట్టె జారకుండా కింద తడిగుడ్డ పరిస్తే సరిపోతుంది. అనేక కదుళ్లు ఒకేసారి తిరిగే అంబర చరఖాతో దీన్ని పోల్చి, ఇంత తక్కువ నూలా అని అడిగినవారున్నారు. అంబర చరఖా జీవనోపాధి కోసం ఒకే పనిమీద రోజంతా కూర్చునేవారిది. వంటగదికీ మగ్గానికీ అల్లిక బుట్టకూ మధ్య దొరికిన సమయంలో వడికేవారికి ఒక్క కదురే మేలు.

మనవడి స్వెట్టరుకు ఇంకా రెండు చేతులూ మెడపట్టీ మిగిలి ఉన్నాయి. సంక్రాంతి తరువాత ఎక్కించవలసిన పడుగుకు 1,200 మీటర్లు వడికి, చీటీలు కట్టి, అరటి డొప్పకు బదులు పాత ఖద్దరు చీర ముక్కలో చుట్టి దాచాను. పొందూరు నుంచి కొత్త ఏకులు వచ్చే మంగళవారం అందవలసి ఉంది.