కాలిఫోర్నియా రియల్ ఎస్టేట్ బ్రోకర్ పరీక్ష: సొంతంగా చదవాలా, కోచింగ్‌లో చేరాలా?

200 ప్రశ్నలు. ఉత్తీర్ణతకు 75 శాతం, అంటే 150 సరైన జవాబులు కావాలి. బ్రోకర్ కింద పనిచేసే సేల్స్‌పర్సన్ పరీక్షకు 70 శాతం చాలు. ఆ తేడాను తేలిగ్గా తీసుకోవద్దు.

ఖర్చు: సొంత చదువుకు పుస్తకాలు, నమూనా ప్రశ్నపత్రాలు చాలు. కోచింగ్‌కు ఫీజు అదనం. అయితే పరీక్ష తప్పితే మళ్లీ రుసుము కట్టి రాయాల్సిందే.

శ్రమ: సొంతంగా అయితే రోజూ గంట కూర్చునే పట్టుదల ఉండాలి. కోచింగ్‌లో ఆ క్రమశిక్షణ తరగతే నేర్పుతుంది, కానీ వారాంతాలు పోతాయి.

అసలు ప్రమాదం లెక్కల్లో కాదు, పదాల్లో. ఎకరం 43,560 చదరపు అడుగులని బట్టీ పట్టక్కరలేదు. మనకు తెలిసిన 4,840 గజాలను 9తో గుణిస్తే అదే వస్తుంది. ‘ఈజ్‌మెంట్’, ‘లీన్’ వంటివి అలా దొరకవు. ఒకరి స్థలం మీదుగా మరొకరు నడిచే హక్కు వంటిది ఈజ్‌మెంట్. బాకీ రావాల్సినవారికి ఆస్తిపై ఉండే పట్టు లీన్. ప్రశ్నలో ఒక్క మాట మారితే జవాబు మారిపోతుంది. ఒంటరిగా చదివేవారికి తాము తప్పుగా అర్థం చేసుకున్న సంగతి తమకే తెలియదు. నా దృష్టిలో కోచింగ్‌కు ఇచ్చే డబ్బు ఇక్కడే గిట్టుబాటవుతుంది.

ఏళ్లుగా ఏజెంటుగా ఒప్పందాలు చేయించినవారికి, నమూనా పరీక్షల్లో వరుసగా 160 దాటేవారికి సొంత చదువే మేలు. చట్టం ఇంగ్లీషు కొత్తగా ఉన్నవారు, ఒకసారి తప్పినవారు కోచింగ్‌లో చేరండి.