న్యుమోనియా తగ్గాక మేము వెళ్ళిన మద్య విముక్తి సలహా విభాగం

మా అన్నయ్యకు ఒకే ఏడాదిలో రెండుసార్లు న్యుమోనియా వచ్చింది. మొదటిసారి చేర్చిన ఆసుపత్రిలో సిగరెట్ల గురించి, షుగరు గురించి అడిగారే గానీ మద్యం మాట ఎవరూ ఎత్తలేదు. రెండోసారి చూసిన వైద్యురాలు మాత్రం డిశ్చార్జికి ముందే అదే ఆవరణలోని మద్య విముక్తి సలహా విభాగానికి పంపారు. ఆరు వారాలు వెళ్ళివచ్చిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

కాలేయం పాడవుతుందని అన్నయ్య ఎన్నోసార్లు విన్నాడు. ఇక్కడి సలహాదారు ఊపిరితిత్తుల బొమ్మ గీసి, శ్వాసనాళాల లోపలి గోడకుండే సన్నని నూగు కఫాన్నీ అందులో చిక్కిన క్రిములనూ ఎప్పటికప్పుడు పైకి నెడుతుందనీ, ఏళ్ల తరబడి అతిగా తాగేవారిలో ఆ కదలిక మందగిస్తుందనీ, గాలితిత్తుల్లో కాపలా ఉండి క్రిములను మింగేసే కణాలు కూడా సత్తువ కోల్పోతాయనీ ఓపికగా వివరించారు. మత్తులో దగ్గు సరిగా రాక నోటిలోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి జారవచ్చునట. క్షయ ముప్పు పెరుగుతుందని కూడా చెప్పారు. "వారానికి ఒక్కరోజే తాగితే ఏమవుతుంది" అని అన్నయ్య అడిగితే, ఒక్కసారి అతిగా తాగినా దాదాపు 24 గంటల వరకు సూక్ష్మక్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గవచ్చునని జవాబిచ్చారు. అన్నయ్య ఎదురు చెప్పకుండా విన్నది అక్కడే.

శానిటైజరు క్రిములను చంపుతుంది కదా, తాగితే చంపదా అని కూడా అడిగాడు. చేతులకు రాసుకునే దానిలో ఆల్కహాలు కనీసం 60 శాతం ఉండాలనీ, రక్తంలో అది 0.4 శాతానికి చేరినా చాలు, ప్రాణం పోవచ్చుననీ చెప్పారు. ఆ ప్రశ్నకు ఎవరూ నవ్వకపోవడం నాకు ఎంతో నచ్చింది.

రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛలు రావచ్చునని హెచ్చరించి, వైద్యుల పర్యవేక్షణలో మందులతోనే మాన్పించారు. నా దృష్టిలో ఈ విభాగం చేసిన అతి ముఖ్యమైన పని ఇదే.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రం వేళలు లేనందున అన్నయ్య ప్రతిసారీ సెలవు పెట్టవలసి వచ్చింది. ఇంట్లోవారితో విడిగా మాట్లాడే సమయం కేటాయించలేదు. అన్నిటికన్నా నన్ను బాధించింది, అతిగా తాగే అలవాటున్నవారికి సిఫారసు చేసే న్యుమోకోకల్ టీకా (న్యుమోనియా తెచ్చే ఒక క్రిమి నుంచి కాపాడేది) గురించి, నేను అడిగేవరకు, రెండుసార్లు న్యుమోనియా వచ్చిన మనిషికి కూడా వారు చెప్పకపోవడం. అడిగిన రోజునే వేశారు. ఇలాంటి విభాగానికి వెళ్ళేవారు మొదటి రోజే ఆ టీకా సంగతి అడగాలని నా మనవి.