808 నానోమీటర్ల గోల్డ్ నానోరాడ్లు: సీటీఏబీ సీసానా, పెగ్ సీసానా?

క్యాన్సర్ కణాలను లేజర్ వేడితో చంపే ప్రయోగాలకు 808 నానోమీటర్ల కాంతిని పీల్చి వేడెక్కే రెడీమేడ్ గోల్డ్ నానోరాడ్లు (అతి సూక్ష్మ బంగారు కడ్డీలు) ముఖ్యంగా రెండు పూతల్లో దొరుకుతాయి: సీటీఏబీ (రాడ్ల తయారీలో వాడే సబ్బులాంటి రసాయనం), పెగ్ (కణాలకు పెద్దగా హాని చేయని పాలిమర్). సీటీఏబీ పూతవి చవక. ఆ చవక పైపైనే.

సీటీఏబీ కణాలకు విషం. నేరుగా కల్చర్‌లో పోస్తే లేజర్ వేయకముందే కణాలు చస్తాయి, ఆ ఘనతంతా లేజర్ ఖాతాలో పడుతుంది. అందుకే పోలికకు రాడ్లు మాత్రమే ఉన్న వెల్ (కల్చర్ ప్లేటులోని గుంట), లేజర్ మాత్రమే పడిన వెల్ తప్పనిసరి. పూత మార్చాలంటే సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి సీటీఏబీని 1 మిల్లీమోలార్ దగ్గరికి తగ్గించి, థయాల్ పెగ్ (బంగారానికి అతుక్కునే గంధకపు కొన ఉన్న పెగ్) కలిపి రాత్రంతా ఉంచి, మళ్లీ తిప్పి కడగాలి. పెగ్ పట్టకముందే అతిగా కడిగితే రాడ్లు ముద్దకడతాయి. రాడ్లు ఏ కాంతిని ఎంత పీలుస్తాయో చూపే స్పెక్ట్రంలో 808 శిఖరం కుంగి వెడల్పైతే ఆ బ్యాచ్ పారబోయడమే. సెంట్రిఫ్యూజ్, స్పెక్ట్రోమీటర్ అందుబాటులో లేని ల్యాబ్ పెగ్ సీసాకే డబ్బు పెట్టాలి.

సీటీఏబీ సీసాను ఫ్రిజ్‌లో పెట్టొద్దు, స్ఫటికాలు పేరుకుంటాయి. 30 డిగ్రీల నీళ్లలో ఉంచితే కరుగుతాయి.

లేజర్‌గా నిరంతరంగా వెలిగే 808 డయోడ్ చాలు. బలమైన నానోసెకండ్ పల్సులు తగిలితే రాడ్లు కరిగి గుండ్రమవుతాయి: 808 శిఖరం పడిపోయి 520 నానోమీటర్ల దగ్గరి శిఖరం పెరుగుతుంది. థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) కొన కిరణంలో ఉంటే తానే వేడెక్కి ఎక్కువ చూపిస్తుంది, పక్కకు జరపండి. ఈ కిరణం కంటికి దాదాపు కనబడదు. 808కి తగిన రక్షణ కళ్లద్దాలు లేకుండా స్విచ్ వేయొద్దు.