వారెంటా, జీతం జప్తా? భరణం కట్టని మాజీ భర్త మీద ఏది మేలు?

పిల్లల ఖర్చుకు నెలకు ఇంత కట్టమని కోర్టు ఆర్డర్ ఇచ్చింది. రెండు నెలలు కట్టి చేతులెత్తేశాడు. నల్గొండలో అడిగినా, మహబూబ్‌నగర్‌లో అడిగినా మొదట చెప్పే సలహా ఒకటే: వారెంట్ తీయించు, లోపలేస్తే వాడే దిగొస్తాడు. నేనైతే ముందు ఇంకో సంగతి చూడమంటాను. అతని డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది?

ఆర్టీసీలోనో, బడిలోనో, హైదరాబాద్ కంపెనీలోనో నెల జీతం ఉంటే వారెంట్ కన్నా జీతం జప్తు మేలు. ఈపీ (ఆర్డర్‌ను అమలు చేయించమనే పిటిషన్) వేస్తే కోర్టు నేరుగా జీతమిచ్చే ఆఫీసుకు ఉత్తర్వు పంపుతుంది. మామూలు అప్పు కేసులో జీతంలో ఎక్కువ భాగం ముట్టుకోనివ్వరు. భరణానికి అలా కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మూడో వంతు అతనికి వదిలి, మిగతా రెండు వంతుల దాకా పట్టుకోవచ్చు. భరణం ఆర్డర్‌ను డబ్బు డిక్రీలాగే (డబ్బు కట్టమనే సివిల్ కోర్టు తీర్పులాగే) అమలు చేయించుకోవచ్చని సుప్రీంకోర్టు 2020లో రజనేశ్ వర్సెస్ నేహా తీర్పులో చెప్పింది. గృహహింస చట్టం కింద ఆర్డర్ ఉంటే 20వ సెక్షన్‌లోనే యజమాని నుంచి నేరుగా ఇప్పించే వీలుంది. చిక్కల్లా ఉద్యోగం మారితే వస్తుంది. కొత్త ఆఫీసు వివరాలు పట్టుకుని మళ్లీ కోర్టుకు పోవాలి.

మరి పాలమూరు నుంచి ముంబయి, పుణె పోయి మేస్త్రీ పని చేసేవాడికి జీతం చీటీ ఎక్కడిది? అక్కడ వారెంటే దిక్కు. దానికి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 125వ సెక్షన్, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టంలో 144వ సెక్షన్. కట్టని నెలల బకాయికి నెల దాకా జైలు వేయొచ్చు. జైలుకు పోయొచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. 'నెల కూర్చుని వస్తా, పైసా ఇయ్య' అని బెదిరించేవాళ్లకు ఈ మాట చెప్పండి. కానీ ఆ వారెంట్ చాలాసార్లు 'ఆసామి ఊళ్లో లేడు' అనే ఒక్క వాక్యంతో తిరిగొస్తుంది. అతనుండే చోటు, ఫోన్ నంబరు, పని చేయించుకునే కాంట్రాక్టర్ పేరు కాగితం మీద రాసి మీరే ఇవ్వాలి.

ఇంకోటి, చాలామంది ఇక్కడే నష్టపోతారు. బాకీ పడ్డ రోజు నుంచి ఏడాదిలోపు దరఖాస్తు పడకపోతే ఆ నెలకు వారెంట్ దారి మూసుకుపోతుంది. 'దసరాకు ఇస్తా, పంట రాగానే ఇస్తా' అంటే నమ్మి కూర్చోకుండా, మూణ్నాలుగు నెలల బకాయి కాగానే వేసేయాలి. బ్యాంకు పాసుబుక్కులో డబ్బు పడిన నెలలకు టిక్కు పెట్టి, పడని నెలలు పక్కన రాసుకుంటే వకీలు పని సగం అయినట్టే.

ఊళ్లో భూమి అతని పేరున ఉంటే సంగతి వేరు. కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయిలాగా వసూలు చేయించమని కోర్టును అడగొచ్చు. పట్టా తండ్రి పేరునే ఉంటే మాత్రం కష్టం.

పెద్దమనుషుల పంచాయితీ త్వరగా తేలుతుంది, నిజమే. కానీ తెల్లకాగితం మీద సంతకాలతో వదిలేయొద్దు. అదే రాజీని లోక్ అదాలత్‌లో రాయిస్తే సివిల్ డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా ఉండదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేయొచ్చు.

పిల్లల కస్టడీ దీనికి ముడిపెట్టకండి. 'డబ్బు ఇస్తేనే బిడ్డను చూపిస్తా' అని ఆమె, 'చూపిస్తేనే డబ్బు' అని అతను పట్టుబడితే ఇద్దరూ కోర్టు మాట దాటినట్టే. వేసవి సెలవులకు తీసుకెళ్లిన పిల్లను తిరిగి పంపకపోతే చాలామంది హైకోర్టులో కంటెంప్ట్ (కోర్టు ధిక్కార కేసు) వేస్తానంటారు. దానికి ఆరు నెలల దాకా శిక్ష ఉంది కాబట్టి బెదురు ఎక్కువే. అయితే హైదరాబాద్ తిరగాలి, ఏడాది గడువూ ఉంది. శిక్ష పడ్డంత మాత్రాన పిల్ల ఇంటికి రాదు. ఆర్డర్ ఇచ్చిన కోర్టులోనే ముందు అమలుకు వేయండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 25వ సెక్షన్ కింద పిల్లను వెతికి తెప్పించే అధికారం ఆ కోర్టుకు ఉంది. ఆ ఉత్తర్వును కూడా అతను పట్టించుకోకపోతే అప్పుడు కంటెంప్ట్.